తూటా రీలోడింగులో కాలిపరులు, త్రాసులు

ఒకమారు పేలిన తూటాలో మందును, దానిని రగిల్చు ప్రైమరు మిశ్రమమును దహించిపోయి, గుండు లక్ష్యము వైపు వెడలిపోయినను, వీనినన్నిటిని తనలో నిముడ్చుకొనియుండిన ఇత్తడి కేసు మాత్రము తుపాకిలో మిగిలియే యుండును. ఆ కేసును శుభ్రపరచి, పేలుడు ఒత్తిడిచే ఉబ్బిన దాని దేహమును డై అను ఉక్కుమూసలో నొక్కి పూర్వపు కొలతకు దెచ్చి, క్రొత్త ప్రైమరును అడుగున గ్రుచ్చి, తూచిన మందును పోసి, మూతియందు గుండు నమర్చి, మరల ప్రయోగార్హముగ జేయు పనికి రీలోడింగని పేరు. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రములలో వేటకాండ్రును, గురిపోటీలలో పాల్గొనువారును తమ ఇండ్లలోనే, చిన్న బల్లకు బిగించిన చేతిప్రెస్సుతో చేసికొను పనియై, శతాబ్దమునకు మించిన సంప్రదాయముగ వర్ధిల్లుచున్నది. భారతదేశమున 1959 సంవత్సరపు ఆయుధ చట్టము లైసెన్సు లేక తూటాలను తయారుచేయుటను నిషేధించినది. మన క్రీడాకారులు రైఫిలు పోటీలలో విశేషముగ వాడు .22 రిమ్‌ఫైరు తూటాలో ప్రైమరు మిశ్రమము కేసు అంచులోపలనే ఇమిడియుండుటచే, అది సాధారణ పద్ధతిని రీలోడు చేయుటకు వీలైనదియు కాదు. కావున ఈ వ్యాసమున చెప్పబడు విషయములు ముఖ్యముగ అమెరికా దేశపు వాడుకకు సంబంధించినవని గ్రహింపవలెను.

ఈ పనికి కావలసిన పరికరములు పెక్కులున్నను, వానిలో ప్రెస్సు, డై, మందుపోయు కొలపాత్ర మొదలగునవి చేయు పరికరములు; నిడివి కొలుచు కాలిపరు, మందు తూచు త్రాసు అను రెండు మాత్రమే చేసినది సరిగా నున్నదో లేదో చెప్పు పరికరములు. చేయు పరికరములో దోషమున్నచో చెప్పు పరికరము దానిని పట్టుకొనును. చెప్పు పరికరములోనే దోషమున్నచో దానిని పట్టుకొనునది వేరొకటి బల్లమీద నుండదు. అల్పవ్యయముతో వీనిని సమకూర్చుకొనదలచిన వానికి ప్రధానమైన చిక్కు ఇందే గలదు.

రీలోడింగు పరికరముల వ్యాపారము అమెరికాలో పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదమునుండి క్రమముగ పెంపొందినది. కనెక్టికట్ రాష్ట్రమున విలియం లైమన్ 1878లో తుపాకుల గురిసాధనములు చేయు సంస్థను స్థాపించెను; అదే రాష్ట్రమునందలి న్యూహావెన్ పట్టణమున జాన్ బార్లో 1884లో ఐడియల్ అను పేర రీలోడింగు పనిముట్లు తయారుచేయ మొదలిడెను; 1925లో లైమన్ సంస్థ ఐడియల్‌ను తనలో కలుపుకొన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున గుండ్లు దొరకుట దుర్లభమైనప్పుడు, కాలిఫోర్నియాలోని ఒరోవిల్ పట్టణమున ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో గుండ్లను నొక్కి తయారుచేయు డైలతో ప్రారంభించిన పని ఆర్.సి.బి.ఎస్. అను సంస్థగ పరిణమించినది. నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ 1949లోను, విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ 1958లోను తమ సంస్థలను నెలకొల్పిరి. వీరిలో లీ ప్రత్యేకత ఏమనగా, అల్పాదాయవర్గపు వేటకాడు సైతము కొనగల్గునంతటి వెలలో పనిముట్టును తెచ్చుట.

తూటా కొలతలను అమెరికాలో నిర్ణయించు బాధ్యత 1926లో ఏర్పడిన సామీ అను తయారీదారుల సంఘమునకు గలదు. ఆ సంఘపు ప్రమాణముల ననుసరించి .308 వించెస్టరు తూటా కేసు నిడివి 2.015 అంగుళములను మించరాదు. సాగిన కేసును కోయునపుడు దానిని 2.005 అంగుళములకు తెచ్చుట ఆచారము. గుండుతో కూడిన పూర్తి తూటా నిడివి 2.810 అంగుళముల లోపుననే యుండవలెను. .223 రెమింగ్టనులో ఈ కొలతలు క్రమముగ 1.760, 1.750, 2.260 అంగుళములు. ఇందు గమనింపదగిన విశేషమేమనగా, గరిష్ఠపు నిడివికిని కోతనిడివికిని మధ్యనున్న ఎడము అంగుళములో నూరవ వంతు. పేల్చినకొలది కేసు మూతివైపునకు సాగుచు వచ్చును. సాగి సాగి గరిష్ఠమును దాటినపుడు కేసు అంచు తుపాకిగది చివర ఇరుకుననున్న భాగములో చొరబడి గుండును బిగించి పట్టుకొనును. గుండు సకాలమున విడివడకపోవుటచే ఒత్తిడి విపరీతముగ పెరుగును. .308 తూటాకు సామీ విధించిన గరిష్ఠపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 62,000 పౌండ్లు కావున, ఆపైన పెరుగుదల ఎట్టిదో ఊహింపవచ్చును.

9 మిల్లీమీటర్ల లూగరు పిస్తోలు తూటా విషయము కొంత భిన్నము. అది గదిలో కేసు మూతి అంచుమీదనే ఆనుకొని నిలుచును, కావున 0.754 అంగుళముల గరిష్ఠపు నిడివి మించినను, మిక్కిలి తగ్గినను దోషమే. ఇంతకంటె ముఖ్యమైనది పూర్తి తూటా నిడివి. కేసు లోపలి చోటు అత్యల్పమగుటచే, గుండు కొద్దిగ లోనికి దిగినను మందునకు మిగులు చోటు గణనీయముగ తరిగి, 35,000 పౌండ్ల పరిమితి సులభముగ దాటిపోవును. కాలిపరును ఊరక చేతబట్టి చూచువానికి అంగుళములో ఇరువదవవంతు స్వల్పమనిపించును. చిన్న పిస్తోలు కేసులో అది స్వల్పము కాదు.

ఈ అవసరములకెల్ల అంగుళములో వేయవవంతు వరకు నమ్మదగిన కొలత చాలును. అంతకు మించిన సూక్ష్మత కాలిపరునుండి ఆశించుట అనవసరమేగాక అసాధ్యమును. కేసు అడుగుభాగపు వ్యాసము ఎంత ఉబ్బినదో చూచి ఒత్తిడిని అంచనావేయదలచువారికి అంగుళములో పదివేలవవంతులు కావలసియుండును. అట్టి పనికి మరచుట్లతో పనిచేయు మైక్రోమీటరునే ఆశ్రయింపవలెను. మైక్రోమీటరులో కొలువబడు వస్తువును, కొలబద్దయు ఒకే సరళరేఖపై నుండును. కాలిపరులో కొలబద్ద ఒకచోట, దవడల నడుమ వస్తువు మరియొకచోట నుండుటచే, దవడ ఏమాత్రము వాలినను ఆ వాలు కొలతలో దోషముగ ప్రవేశించును. జర్మనీ శాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ ఆబె 1890లో ప్రతిపాదించిన సూత్రమిదియే. వస్తువును దవడల కొసలయందుగాక, కొలబద్దకు వీలైనంత చేరువగ, దవడల మొదటియందు పట్టవలెనను పాత పనివారి ఉపదేశమునకు శాస్త్రీయ కారణము ఇదే.

కాలిపరు చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. చీనాదేశమున వాంగ్‌మాంగ్ రాజ్యకాలమున, క్రీ.శ. 9వ సంవత్సరమున, కంచుతో చేయబడిన జారుడు దవడ కాలిపరు లభించినది. గీతల నడుమనున్న భిన్నములను చదువు ఉపాయమును 1542లో పోర్చుగీసు గణితజ్ఞుడు పెద్రో నూనెస్ ఒకవిధముగ సూచింపగా, ఫ్రాంష్ కోంతే ప్రాంతమున ఓర్నాన్ పట్టణమువాడగు పియెర్ వెర్నియె 1631లో బ్రస్సెల్సున ప్రకటించిన గ్రంథమునందు దానిని ఆచరణకు అనువైన సరళరూపమునకు దెచ్చెను. మన పాఠశాల ప్రయోగశాలలలో విద్యార్థులు నేటికిని చేతబట్టు వెర్నియర్ కాలిపరు ఆ మహనీయుని నామముననే వెలయుచున్నది. అంగుళములో వేయవవంతులు చదువగల కాలిపరును సామాన్య యంత్రకారులకు అందుబాటులోనికి తెచ్చినవాడు రోడ్ ఐలండులోని ప్రావిడెన్స్ నగరపు జోసెఫ్ బ్రౌన్; అది 1851 నాటి మాట. బ్రౌన్ అండ్ షార్ప్ అను పేర ఆ సంస్థ ప్రపంచఖ్యాతి గాంచినది.

డిజిటల్ కాలిపరు ఇరువదవ శతాబ్ది చివరి పాదమున పుట్టినది. స్వీడను దేశపు ఇంగ్వార్ అండెర్మో రూపొందించిన విధానముతో, సి.ఇ. యొహాన్సన్ సంస్థ 1980 ప్రాంతమున దానిని విపణికి దెచ్చెను. దాని లోపలి ఏర్పాటు సరళమేగాని చమత్కారభరితము. కొలబద్దపై అంటించిన పట్టీలో లోహపు గుర్తులు ఒకే ఎడముతో వరుసదీరియుండును; జారుడు భాగపు అడుగున సన్నని లోహఫలకముల వరుస యుండి, ఒక్కొక్కదానికి కొంచెము కొంచెము వెనుకబడిన విద్యుత్సంకేతము లందుచుండును; రెండు వరుసల నడుమ ఏర్పడు విద్యుద్ధారణశక్తి జారుడు కదలినకొలది మారుచుండగా, ఆ మార్పును లెక్కించి చిన్న చిప్పు అంకెలుగ చూపును. ఇందు సూక్ష్మమైన పళ్లచక్రములుగాని, చేతితో చెక్కిన గీతలుగాని లేవు. పట్టీ అచ్చుసర్క్యూటు పలకవలె ఒక్కుమ్మడిగ అచ్చొత్తబడును. పూర్వము మిక్కిలి వెలచేసిన సూక్ష్మత నేడు చీనాలో తయారై 20, 30 డాలర్లకు అమ్మబడుటకు కారణమిదియే. ఇది సామాన్యునికి కలిగిన గొప్ప లాభమనుటలో సందేహము లేదు. వెల తక్కువయగుటచేతనే దానిని నిరసించుట న్యాయము కాదు.

అయినను కొనువాడు తొలుత రెండు భావములను వేరుపరచుకొనవలెను. తెరపై కనబడు చివరి అంకె పరికరపు కనీసపు కొలతను చెప్పునేగాని యథార్థతను చెప్పదు. చౌకరకపు కాలిపరు తెరపై అంగుళములో అయిదు పదివేలవవంతుల వరకు అంకె మారుచుండును; కాని దాని తయారీదారు హామీనిచ్చు యథార్థత సాధారణముగ అంగుళములో వేయవవంతు ఇటు అటు మాత్రమే. నూరు డాలర్లు దాటు జపానుదేశపు మితుతోయో కాలిపరునకు సైతము ఆరంగుళముల పరిమాణములో చెప్పబడు యథార్థత ఇంచుమించుగ అంతియే. మరి అధికపు వెలకు ఏమి లభించును? దవడలు సమాంతరముగ నుండుట, జారుడు భాగము కుదుపులేక మెత్తగ నడుచుట, ఏండ్లు గడచినను ఆ గుణములు చెడకుండుట, సెల్లు చిరకాలము నిలుచుట. ఇవి విలువైన గుణములే. కాని రీలోడింగులో కాలిపరునకు అవకాశముగ నున్న ఎడమును బట్టి చూచినచో అవి అత్యవసరములు కావు.

సెల్లు మాట వచ్చినది కావున దానిని గూర్చి కొంత చెప్పవలెను. చౌకరకములలో మీట నొక్కినపుడు ఆరునది తెర మాత్రమే. దవడ స్థానమును మరువకుండుటకై లోని సర్క్యూటు నిరంతరము మేల్కొనియే యుండును. అందుచే బల్ల అరలో ఊరకనున్న పరికరమునందే సెల్లు కొన్ని నెలలలో నీరసించును. సిల్వరు ఆక్సైడు బటను సెల్లు తన జీవితకాలమంతయు ఇంచుమించు ఒకే వోల్టేజి నిచ్చును. అదే పరిమాణపు ఆల్కలైను సెల్లు క్రమక్రమముగ జారిపోవును. వోల్టేజి జారినపుడు అంకెలు మినుకుమినుకుమనుటయు, ఒక్కొక్కప్పుడు అసంబద్ధములగుటయు కలదు. కావున కొన్ని పైసలు మిగులుటకై ఆల్కలైను సెల్లు వేయుట చౌక కాదు. సూదితో తిరుగు డయలు కాలిపరునకు సెల్లు బాధ లేదు. కాని దాని పళ్లపట్టీలో ఇత్తడి రజను చేరినచో సూది గంతువేసి తప్పుడు స్థానమున నిలుచును. రీలోడింగు బల్లపై, ముఖ్యముగ కేసులు కోయుచోట, ఇత్తడి రజనునకు కొరత యుండదు. కార్బను ఫైబరని పేరుపెట్టి అమ్ము ప్లాస్టికు కాలిపరుల విషయమున ఏమాత్రము సంశయింప పనిలేదు. దవడలు వంగును, కనీసపు కొలతయు పెక్కింటిలో మిల్లీమీటరులో పదవవంతే. అవి ఈ పనికి తగవు.

దుకాణములో వలె ఇంటిలోను చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. దవడలను శుభ్రమైన గుడ్డతో తుడిచి మూసి, దీపమునకు ఎదురుగ పట్టి చూడవలెను. మొదటనుండి కొసవరకు వెలుతురు కనబడకున్న సమాంతరముగ నున్నవని తెలియును, ఒకచోట వెలుతురు చారగ కనబడినచో ఆ పరికరమును తిరిగి ఇచ్చివేయుటయే మేలు. పలుమారులు తెరచి మూసి, ప్రతిమారును సున్న వచ్చుచున్నదో లేదో చూడవలెను. జారుడు భాగమును పైకి క్రిందికి ఆడింప ప్రయత్నించినపుడు కుదుపు తెలియరాదు. బొటనవ్రేలి ఒత్తిడి విషయము పరీక్షకంటె అభ్యాసమునకు సంబంధించినది: గట్టిగ నొక్కినపుడు ఒక కొలత, మెత్తగ నొక్కినపుడు వేరొక కొలత వచ్చును గాన, ఎల్లప్పుడు ఒకే మృదువైన ఒత్తిడితో కొలుచుట అలవరచుకొనవలెను. ప్రైమరు అమరు గుంట వంటి చిన్న రంధ్రములను లోదవడలతో కొలిచినపుడు, ఆ దవడల అంచులు కొంత బల్లపరుపుగ నుండుటచే కొలత వాస్తవముకంటె తక్కువగ వచ్చును. ఇది పరికరదోషము కాదు, చిన్న రంధ్రమునకు చదునైన అంచు సరిగా ఆనకపోవుటచే కలుగు జ్యామితీయ దోషము. ప్రైమరు కేసు అడుగునకంటె అంగుళములో మూడునుండి అయిదు వేయవవంతులు లోనికి దిగియుండవలెనను నియమమును లోతుకడ్డీతో పరీక్షింపవచ్చును. వ్రేలికొనతో తడవి చూచుటయు వాడుక. ఉష్ణోగ్రత విషయమై భయపడ పనిలేదు: పది డిగ్రీల సెల్సియసు మార్పునకు ఇత్తడి కేసును, ఉక్కు కాలిపరును రెండును పెరుగును, రెండంగుళముల కేసులో వాని తేడా అంగుళములో పదివేలవవంతులు ఒకటి రెండింటిని మించదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రమాణవస్తువు. స్వీడను దేశపు కార్ల్ ఎడ్వర్డ్ యొహాన్సన్ 1896 ప్రాంతమున కల్పించిన గేజిబ్లాకులు, ఒకదానిపై నొకటి పేర్చినచో కోరిన నిడివినెల్ల నిచ్చు నున్నని ఉక్కు దిమ్మెలు, యంత్రయుగపు అత్యున్నత సృష్టులలో నొకటి. పూర్తి పెట్టె కొన నక్కరలేదు; తాను రీలోడు చేయు కేసు నిడివికి దాపుగ నున్న ఒక్క బ్లాకు, .308 వాడువానికి రెండంగుళముల బ్లాకు, చాలును. ఇది స్వల్పవ్యయముతోనే లభించును. పెక్కుమంది గుండు పెట్టెపై ముద్రించిన వ్యాసమునే ప్రమాణముగ గొని కాలిపరును పరీక్షింతురు. గుండు కూడ ఒక తయారీవస్తువే, దానికిని కొంత సహ్యభేదము గలదు గాన అది సాక్షి కాజాలదు.

ఇక త్రాసు. రీలోడింగులో తూనిక ప్రమాణము గ్రెయిను. 1959లో ఆంగ్లభాషా దేశములు చేసికొనిన ఒడంబడిక ననుసరించి అంగుళము సరిగ్గ 25.4 మిల్లీమీటర్లు, పౌండు 0.45359237 కిలోగ్రాములు, పౌండులో ఏడువేలవ భాగము గ్రెయిను, అనగా 64.79891 మిల్లీగ్రాములు. ఈ గ్రెయిను మన ప్రాంతములకు పూర్తిగ పరాయిది కాదు; 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వము తులమును 180 గ్రెయిన్లుగ నిర్ణయించుటచే, మన కంసాలుల పాత తులము, రాణిగారి బొమ్మ వెండి రూపాయియు ఆ లెక్కమీదనే నిలిచినవి. ఆధునికమైన మెట్రికు లెక్కకు మరలిన మనవారికి గ్రెయిను మరుగునబడినను, మందు, గుండు తూచునపుడు అమెరికనులు దానినే పట్టుకొనియున్నారు.

మందు తూనికలో సామాన్యముగ కోరు సూక్ష్మత గ్రెయినులో పదవవంతు. దీనిని గ్రాములలోనికి మార్చి చూచిననే అల్పవ్యయపు త్రాసుల అసలు స్వరూపము బయటపడును. గ్రెయినులో పదవవంతు 6.5 మిల్లీగ్రాములకు ఇంచుక తక్కువ. అంగళ్లలో నగలు, మసాలాలు తూచుటకై అమ్ము జేబుత్రాసు గ్రాములో నూరవవంతు, అనగా 10 మిల్లీగ్రాములు, మాత్రమే గుర్తింపగలదు. అట్టి త్రాసున గ్రెయిన్ల మీట నొక్కినపుడు తెరపై దశాంశపు అంకె కనబడుచునే యుండును. కాని ఆ అంకె ఒక్కొక్క మెట్టున సుమారు 0.15 గ్రెయిను చొప్పున దూకుచుండును. నడుమనున్నది త్రాసునకు తెలియనే తెలియదు. రైఫిలు తూటాలో నలుబది గ్రెయిన్ల దాపు మందు పట్టునపుడు రెండు పదవవంతుల తప్పు అరశాతమే. పిస్తోలు తూటాలలో అయిదు గ్రెయిన్ల లోపు మందు పట్టునవి గలవు, అందు అదే తప్పు నూటికి నాలుగు పాళ్లకు మించును. కావున అట్టి చౌకత్రాసు పిస్తోలు రీలోడింగు చేయువారికి బొత్తిగ తగదు. ఏలనన, సూక్ష్మత ఎక్కువగ అవసరమైనది వారికే. కావున డిజిటల్ త్రాసు కొనదలచినవాడు గ్రాములో వేయవవంతు చూపు రకమునకు తక్కువ కొనరాదు. ఇరువది, ఏబది గ్రాముల సామర్థ్యముగల అట్టి త్రాసులు కూడ నేడు చౌకగనే లభించుచున్నవి.

ఈ చౌకత్రాసులలోని హృదయము లోడుసెల్లు. అల్యూమినియపు చిన్న దండెము భారమునకు రవంత వంగగా, దానిపై అంటించిన సన్నని తీగ సాగి, దాని విద్యున్నిరోధము మారును. ఆ మార్పును వీట్‌స్టను వంతెన అను నాలుగు నిరోధముల అమరికతో కొలిచి తూనికగ మార్తురు. ఇట్టి స్ట్రెయినుగేజిని 1938లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ సిమ్మన్స్, మసాచుసెట్సులో ఆర్థర్ రూజ్ పరస్పరము తెలియకయే కనుగొనిరి. దీని బలహీనతలెల్ల దాని పుట్టుకనుండియే వచ్చినవి. లోహము ఉష్ణోగ్రతకు స్పందించును గాన, త్రాసు వెలిగించిన వెంటనే తూచినచో సున్న మెల్లమెల్లగ జరుగుచుండును. ఇరువది ముప్పది నిమిషములు వెచ్చబడనిచ్చి తూచుట మంచిది. భారము చిరకాలము పళ్లెమునందుంచినచో దండెము ఇంకను కొంచెము వంగి అంకె ప్రాకుచుండును. పంకాగాలి, కిటికీగాలి, ప్లాస్టికు గరాటునందలి స్థిరవిద్యుత్తు, ప్రక్కనుంచిన చరవాణి సంకేతములు సైతము చివరి అంకెను కదలించును.

వీనిలో తక్కువగ తెలిసినదియు, మిక్కిలి ప్రమాదకరమైనదియు సున్నను వెంటాడు ఏర్పాటు. ఉష్ణోగ్రతచే కలుగు జరుగుదలను దాచుటకై తయారీదారులు త్రాసునందు ఒక ఉపాయము నుంతురు: అంకె అతి నెమ్మదిగ మారుచున్నచో అది నిజమైన భారము కాదు, సున్న జరుగుటయే యని త్రాసు తలచి, ఆ మార్పును తుడిచివేయును. ఇప్పుడు రీలోడరు పళ్లెములోనికి పలుకు పలుకుగ మందు రాల్చుచున్నాడనుకొనుడు. అతని నెమ్మదితనమునే త్రాసు దోషముగ భావించి కొన్ని పలుకులను లెక్కలోనికి తీసికొనక మ్రింగివేయును. అందుచే తెరపై చూపినదానికంటె పళ్లెములో ఎక్కువ మందుండును. దీనికి నివారణ సులభము: రాల్చుట ముగిసిన తరువాత పళ్లెమును ఎత్తి మరల ఉంచి, రెండవమారు వచ్చిన అంకెనే నమ్మవలెను. క్రొత్త త్రాసు ఈ విషయమున ఎట్లు ప్రవర్తించునో, కొనిన దినముననే పలుకు పలుకుగ రాల్చి పరీక్షించి తెలిసికొనుట యుక్తము.

లోడుసెల్లు కొలుచునది వాస్తవమునకు బరువునే గాని పదార్థపరిమాణమును గాదు. భూమధ్యరేఖకును ధ్రువమునకును నడుమ గురుత్వాకర్షణలో సుమారు అరశాతము భేదము గలదు. ఒకచోట సరిచేసిన త్రాసు దూరదేశమున వేరు అంకె చూపుట ఇందుచేతనే. కావున డిజిటల్ త్రాసును వాడుచోటనే, పడికట్టుతో సరిచేసికొనవలెను. దండత్రాసునకు ఈ బాధ లేదు. ఒకవైపు మందును, ఒకవైపు జారుడు తూనికగుండ్లను ఒకే ఆకర్షణ లాగుచుండుటచే, అది భూమిపై ఎచ్చటనైనను ఒకే మాట చెప్పును.

దండత్రాసును గూర్చి ఇంచుక విస్తరించి చెప్పుట న్యాయము. ఏలనన అల్పవ్యయముతో విశ్వాసపాత్రమైన తూనిక కోరువానికి ఈ వ్యాసకర్త సూచింపదగినది అదియే. ఉక్కు కత్తియంచు నున్నని రాతిగూడుపై ఆనియుండ, దానిపై సన్నని దండెము ఊగును. కొసనున్న రాగిరేకు అయస్కాంతముల నడుమ కదలినపుడు దానిలో సుడివిద్యుత్తు పుట్టి ఊగుటను త్వరగ అణచును. న్యూజెర్సీలో 1907లో స్థాపింపబడిన ఓహౌస్ సంస్థ చేసిన దండత్రాసులు ఆర్.సి.బి.ఎస్. పేరున దీర్ఘకాలము విక్రయింపబడినవి. అవి వాడుకచేసినవిగ నేటికిని లభించును. లీ సంస్థ తయారుచేయు చౌకదండత్రాసు రూపమున నిరాడంబరమైనను సున్నితత్వమున వెనుదీయదు. కాని దాని పరిమితి ఇంచుమించు నూరు గ్రెయిన్లే యగుటచే, మందు తూచుటకేగాని 168 గ్రెయిన్ల గుండును తూచుటకు పనికిరాదు. సెల్లు, ఉష్ణోగ్రతచే సున్న జరుగుట, సున్న వెంటాడు చిప్పు, వీనిలో ఏ బాధయు దండత్రాసునకు లేదు. నెమ్మది యొకటియే దాని లోపము. కొలపాత్రతో మందు పోయువాడు ప్రతి తూటాను తూచక, ఇన్నింటికొకటి చొప్పున తూచి సరిచూచుకొనును గాన, ఆ నెమ్మది అతనికి భారము కాదు. కొలపాత్రను అమర్చునపుడు పది పోతలను కలిపి తూచి పదిచే భాగించు పద్ధతియు మంచిదే. సగటును అది మిక్కిలి సూక్ష్మముగ చెప్పును, కాని ఒక్కొక్క పోత నడుమ భేదమును దాచివేయును గాన విడివిడిగ తూచుటను మానరాదు.

వాడుకచేసిన దండత్రాసును కొనునపుడు మొదట కత్తియంచును భూతద్దముతో చూడవలెను. మొద్దుబారినదియు, తుప్పుచుక్క పడినదియు త్యజింపదగినవి. పళ్లెము అదే త్రాసుతో వచ్చినదై యుండవలెను, దాని భారము దండెమునకు సరిపోవునట్లు కర్మాగారమున సవరింపబడియుండును. అయస్కాంతములకు అంటిన ఇనుప రజను రాగిరేకునకు తగిలినచో దండెము పట్టుకొనిపోవును. దానిని అంటుటేపుతో తీసివేయవచ్చును. సున్నయందు నిలిపి దండెమును మెల్లగ తట్టిన ప్రతిమారును అదే గీతవద్ద నిలుచుచున్నచో అది మంచి త్రాసు.

ఏ త్రాసైనను పడికట్టు లేక నమ్మరాదు. డిజిటల్ త్రాసుతో సాధారణముగ ఇరువది గ్రాముల పడికట్టు ఒకటి వచ్చును. అది 308 గ్రెయిన్ల పైచిలుకు. తూచబోవు మందు నలుబది గ్రెయిన్లయినప్పుడు, పై కొసన సరియని చెప్పిన త్రాసు నడుమ సరిగ నున్నదను నమ్మకము లేదు. అందుచే 1, 2, 5 గ్రాముల చిన్న పడికట్లను ప్రత్యేకముగ కొనవలెను. ఒక గ్రాము 15.43 గ్రెయిన్లు, రెండు గ్రాములు 30.86, ఒకటియు రెండును కలిపిన 46.30, ఈ మూడు స్థానములలో సరిచూచినచో రైఫిలు, పిస్తోలు తూనికలు చాలవరకు పరీక్షింపబడును. అంతర్జాతీయ ప్రమాణములలో ఎం1 తరగతి ఇరువది గ్రాముల పడికట్టునకు అనుమతింపబడిన తప్పు 2.5 మిల్లీగ్రాములు, అనగా గ్రెయినులో ఇరువదియైదవ వంతునకు లోపు. ఎఫ్2 తరగతికి 0.8 మిల్లీగ్రాము. తరగతి పేరు లేని ఇత్తడి పడికట్టుకంటె ఎఫ్2 తరగతి చిన్న పెట్టె కొనుట శ్రేయము. కాలిపరుపై మిగిల్చిన డబ్బును ఇచ్చట వెచ్చించినవాడు వివేకి.

త్రాసు చేయలేని పనియు ఒకటి గలదు. పిస్తోలు కేసులో మందు రెండుమారులు పడినను, అసలు పడకున్నను, ఒక్క కేసు తూనికనుండి దానిని పట్టుట కష్టము. ఏలనన కేసుల బరువులే ఒకదానికొకటి కొన్ని గ్రెయిన్లు భేదించుచుండును. కేసులను పలకలో వరుసగ నిలిపి, గుండ్లు అమర్చుటకు ముందు దీపపు వెలుతురులో లోపలి మందుమట్టమును కంటితో చూచుటయే దానికి మార్గము. పడికట్లను వ్రేళ్లతో తాకక ప్లాస్టికు కొసలుగల చిమటాతో పట్టుకొనవలెను. చెమట అంటిన చిన్న పడికట్టు కొన్నాళ్లకు మచ్చపడి బరువు మారును. వానిని వాని పెట్టెలోనే, మందు డబ్బాలకు దూరముగ, కాలిపరుతోపాటు పొడిగనున్న అరలో నుంచుట ఆచారము.